ఆరోగ్య బీమా: ఐచ్ఛికమా, తప్పనిసరా?

వాహనం రహదారి ఎక్కాలంటే బీమా ఉండి తీరాలన్నది మోటారు వాహనాల చట్టం విధించిన నియమం. మరి ఆ వాహనాన్ని నడిపే మనిషికి ఆరోగ్య బీమా ఎందుకు తప్పనిసరి కాదన్న ప్రశ్న తరచుగా వినిపిస్తూ ఉంటుంది. ప్రశ్న సహేతుకమే అయినా రెండింటికీ మౌలికమైన భేదం ఉంది. వాహన యజమాని నుంచి చట్టం కోరేది ఇతరులకు కలిగే నష్టానికి పూచీ మాత్రమే. వాహనమే వద్దనుకున్నవారికి ఆ ఖర్చు ఉండదు. శరీరం వద్దనుకునే వీలు మాత్రం ఎవరికీ లేదు. కనుక ఆరోగ్య బీమాను తప్పనిసరి చేయడమంటే ప్రతి పౌరుడిపైనా జీవితాంతం ఒక ఖర్చు మోపడమే. ఆ ఖర్చుకు బదులుగా అతనికి ఏమి దక్కుతుందన్నదే ఈ చర్చకు కీలకం.

నిర్బంధాన్ని సమర్థించేవారి వాదనకు గట్టి ఆధారమే ఉంది. బీమా అనేది కొందరికి వచ్చే కష్టాన్ని అందరూ పంచుకునే ఏర్పాటు. ఆరోగ్యవంతులు దూరంగా ఉండి, జబ్బుపడినవారే చేరితే చెల్లింపులు పెరిగి ప్రీమియం భారమవుతుంది. భారమైనకొద్దీ మరికొందరు ఆరోగ్యవంతులు తప్పుకొంటారు. చివరకు బీమా అత్యవసరమైన వారికే అది అందనంత ప్రియమవుతుంది. అందరూ చేరితేనే అందరికీ చౌక అన్నది ఈ వాదన సారాంశం.

ఈ భావన మన దేశానికి కొత్తదేమీ కాదు. 1948 నాటి చట్టంతో రూపుదిద్దుకొని, 1952 ఫిబ్రవరి 24న కాన్పూర్, ఢిల్లీలలో ప్రారంభమైన ఉద్యోగుల రాజ్య బీమా పథకం, అంటే ఈఎస్ఐ, నిర్బంధ బీమాయే. దాని పరిధిలోకి వచ్చే కార్మికుడు తన వేతనంలో 0.75 శాతం, యజమాని 3.25 శాతం చెల్లిస్తారు. చేరడమా మానడమా అన్నది వారి ఇష్టానికి వదలలేదు. అయినా దీనిని అన్యాయమని ఎవరూ అనరు. భారంలో సింహభాగం యజమానిది కావడం, కార్మికుడితోపాటు కుటుంబానికీ ఆసుపత్రి, మందుల సదుపాయం లభించడం అందుకు కారణాలు.

నిరుపేదల విషయంలో దేశం మరో మార్గాన్ని ఎంచుకుంది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ, 2018 సెప్టెంబరు 23న దేశవ్యాప్తంగా ఆరంభమైన ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన ఈ కోవలోనివి. వీటిలో లబ్ధిదారు ప్రీమియం చెల్లించనక్కరలేదు. ఆ వ్యయాన్ని ప్రభుత్వాలే భరిస్తాయి. జన ఆరోగ్య యోజన కింద అర్హత గల కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్స ఉచితం. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా 2024 అక్టోబరు నుంచి ఈ రక్షణ విస్తరించింది.

ఈ రెండింటికీ నడుమ మిగిలిపోయిన వర్గమే అసలు సమస్య. ఎలాంటి రక్షణా లేని ప్రజలు సుమారు 40 కోట్ల మంది ఉంటారని నీతి ఆయోగ్ 2021లో అంచనా వేసింది. చిరు వ్యాపారులు, స్వయం ఉపాధి పొందేవారు, ఈఎస్ఐ వేతన పరిమితి అయిన 21 వేల రూపాయలు దాటిన చిరుద్యోగులు ఇలాంటివారే. బీమా కొనాలన్న ఆదేశం వస్తే ముందుగా దాని బరువు పడేది వీరిపైనే. వ్యక్తిగత ఆరోగ్య బీమాపై జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి తొలగించడం వీరికి కొంత ఊరట. అయితే పన్ను పోయినా ప్రీమియం మిగిలే ఉంది.

ఇతర దేశాల అనుభవం ఇక్కడ ఉపకరిస్తుంది. స్విట్జర్లాండ్‌లో 1996 నుంచి ప్రాథమిక ఆరోగ్య బీమా అందరికీ తప్పనిసరి. అయితే దరఖాస్తు చేసిన ఎవరినీ బీమా సంస్థ తిరస్కరించరాదు. ప్రాథమిక బీమాపై లాభం గడించరాదు. అల్పాదాయ వర్గాల ప్రీమియంలో కొంత ప్రభుత్వం భరిస్తుంది. అమెరికాలో 2010 నాటి చట్టం బీమా లేనివారికి జరిమానా విధించింది. పన్ను విధించే అధికారం కింద అది చెల్లుతుందని 2012లో ఆ దేశ సుప్రీంకోర్టు స్వల్ప ఆధిక్యంతో తీర్పు చెప్పింది. 2017లో చేసిన మరో చట్టంతో 2019 నుంచి ఆ జరిమానా సున్నా అయింది. పొరుగున ఉన్న నేపాల్ 2017లో చట్టం ద్వారా ఆరోగ్య బీమాను తప్పనిసరి చేసినా, ప్రజలందరూ అందులో చేరలేదు. చేరినవారిలోనూ పలువురు నవీకరించుకోవడం లేదు. ఆదేశం ఒక్కటే ప్రజలను బీమా గొడుగు కిందకు తేలేదనడానికి ఇది నిదర్శనం.

మన దేశంలో ముందే ఉన్న వ్యాధులకు పాలసీ వర్తించేందుకు గరిష్ఠంగా మూడేళ్లు వేచి ఉండాలనే షరతు విధించే వీలు బీమా సంస్థలకు ఉంది. ఇష్టంతో కొనే పాలసీలో ఈ షరతుకు అర్థం ఉంది. చట్టం బలవంతంగా కొనిపించిన తర్వాత మధుమేహ రోగిని మూడేళ్లు ఆగమనడం న్యాయమనిపించుకోదు. అంతేగాక చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే వర్తిస్తాయి. నెలనెలా కొనే మందులు, పరీక్షలు, డాక్టరు ఫీజుల భారం కుటుంబానిదే. దేశ ఆరోగ్య వ్యయంలో ప్రజలు నేరుగా జేబునుంచి చెల్లించే వాటా 2013-14లోని 64.2 శాతం నుంచి 2021-22 నాటికి 39.4 శాతానికి తగ్గినా, అది ఇప్పటికీ పెద్ద మొత్తమే. ఇక సమీపంలో ఆసుపత్రే లేని గిరిజన గ్రామంలో బీమా కార్డు ఉన్నా ప్రయోజనం స్వల్పం.

కాబట్టి నిర్బంధం మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు ఒక్కమాటలో సమాధానం లేదు. కొనుగోలుదారుడిపై బాధ్యత మోపే చట్టం, ఎవరినీ కాదనకూడదన్న బాధ్యతను బీమా సంస్థపైనా, చెల్లించలేనివారి వాటాతోపాటు అందుబాటులో వైద్యం సమకూర్చే బాధ్యతను ప్రభుత్వంపైనా అంతే గట్టిగా మోపాలి. ఈఎస్ఐ ఏడు దశాబ్దాలుగా నిలిచిందంటే భారాన్ని పంచడం వల్లనే. ఆ పంపిణీ లేని నిర్బంధం, మధ్యతరగతి అంచున నిలిచిన కుటుంబానికి మరో బిల్లుగానే మిగిలిపోతుంది.