నానోఫ్తాల్మోస్: కంటిగోడ మందం, శస్త్రచికిత్స చరిత్ర

నానోఫ్తాల్మోస్ పుట్టుకతో వచ్చే అరుదైన కంటి రుగ్మత. కనుగుడ్డు ఆకారంలో వైకల్యం ఉండదు, పరిమాణమే తక్కువ. పెద్దవారి కన్ను ముందు నుంచి వెనక్కి సుమారు 24 మి.మీ. పొడవుంటే, ఇది సాధారణంగా 20 మి.మీ. దాటదు. లోపలి కటకం మాత్రం దాదాపు మామూలు సైజులోనే ఉంటుంది. ఇరుకు గదిలో పెద్ద బీరువా పెట్టినట్టు అది ముందున్న ఐరిస్‌ను నెడుతుంది. కన్ను పొట్టిగా ఉండటం వల్ల చిన్నప్పటి నుంచి ప్లస్ పవర్ మందపాటి అద్దాలు తప్పవు. ఐరిస్ ముందుకు జరగడంతో నడివయసులో కంటిలోని ద్రవం బయటికి పోయే కోణం మూసుకుపోయి తరచూ నీటికాసులు వస్తాయి.

ఈ కళ్లకు శస్త్రచికిత్స అంటే ఒకప్పుడు వైద్యులు జంకేవారు. నీటికాసులకో శుక్లానికో కన్ను తెరిస్తే లోపలి ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయేది. రక్తపటలం (రెటీనా వెనకున్న రక్తనాళాల పొర) కింద ద్రవం చేరేది, రెటీనా ఊడేది, ఒక్కోసారి తీవ్ర రక్తస్రావం కూడా అయ్యేది. ఆపరేషన్ బాగానే జరిగినా చూపు పోవడం చాలా కాలం అర్థంకాని విషయంగానే మిగిలింది.

ముడి విప్పడం అమెరికాలోని బోస్టన్‌లో మొదలైంది. రక్తపటలం కింద ద్రవం చేరే వ్యాధిని 1963లో చార్లెస్ షెపెన్స్, రాబర్ట్ బ్రాక్‌హర్స్ట్ వర్ణించారు. చిన్న కళ్లకూ ఈ ద్రవానికీ ఉన్న సంబంధాన్ని 1970ల మధ్యలో బ్రాక్‌హర్స్ట్ బయటపెట్టాడు. కంటి తెల్లగోడ, అంటే దృఢస్తరం, మరీ మందంగా ఉండి తనలోంచి వెళ్లే వోర్టెక్స్ సిరలను నొక్కేస్తోందని అతని అంచనా. 1980లో ఆ సిరల చుట్టూ గోడను చెక్కి వాటిని వదులుచేసే శస్త్రచికిత్సను ప్రకటించాడు. ద్రవం తగ్గింది కానీ పని ప్రమాదకరం: సిర తెగితే రక్తస్రావమే.

అలా చెక్కి తీసిన ముక్కలు పరిశోధనకూ పనికొచ్చాయి. 1982లో ట్రెల్‌స్టాడ్ బృందం ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూస్తే కొల్లాజెన్ పోగులు క్రమం తప్పి, కొసలు చిట్లి కనిపించాయి. పోగుల మధ్య చక్కెర గొలుసులున్న అణువుల్లోనూ తేడాలు తేలాయి. తర్వాత బియాట్రిస్ యూ బృందం ఇలాంటి గోడ కణాలను ప్రయోగశాలలో పెంచి, ఫైబ్రోనెక్టిన్ అనే ప్రోటీన్ ఎక్కువగా ఉందని చూపింది. లోపం కణం దగ్గరే ఉందనడానికి ఇది బలమైన ఆధారం.

చికిత్సలో అసలు మలుపు 1983లో వచ్చింది. మయామీకి చెందిన డొనాల్డ్ గాస్ సిరల జోలికే పోలేదు. రక్తపటలంలో లసికా నాళాలు లేవు కాబట్టి అక్కడికి ఊరిన ప్రోటీన్ గోడ గుండానే బయటపడాలి. గోడ మందమైతే ప్రోటీన్ లోపలే నిలిచి నీటిని లాక్కుంటుందని అతని వాదన. కాబట్టి నాలుగు వైపులా గోడను కొంత లోతుకు చెక్కి పలచన చేస్తే చాలన్నాడు. సిరల శస్త్రచికిత్స కంటే సులువైన పద్ధతి, ఫలితమూ దక్కింది. నేటికీ ప్రధాన మార్గం ఇదే. 2000లో జపాన్‌కు చెందిన ఉయామా బృందం రక్తపటలం కింద ద్రవం చేరే రోగులను మూడు రకాలుగా విడదీసింది. గోడ అసహజంగా ఉన్న మొదటి రెండు రకాలకు ఈ చికిత్స పనిచేస్తుంది. గోడ మామూలుగా ఉన్న మూడో రకానికి పనిచేయదు. గాస్ వాదనకు ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకడం కష్టం.

శుక్లం ఆపరేషన్ ఇప్పుడు చిన్న కోతతో, ఒత్తిడి పడిపోకుండా చేస్తారు కాబట్టి పాత భయం తగ్గింది. ముందుగానే గోడ పలచన చేయాలా అన్నదానిపై మాత్రం శస్త్రవైద్యుల్లో ఏకాభిప్రాయం లేదు. కృత్రిమ కటకం ఎంపికా తలనొప్పే: అవసరమైన పవర్ మామూలు కటకాల్లో దొరకదు. అందుకే 1993లో గేటన్, శాండర్స్ ఒకే కంటిలో రెండు కటకాలు అమర్చారు.

2005లో ఆమిష్-మెన్నొనైట్ కుటుంబాల్లో ఎంఎఫ్‌ఆర్‌పి జన్యువులోని మార్పులు ఈ వ్యాధికి కారణమని తేలింది. ఈ రకం రావాలంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న జన్యు ప్రతి చెరొకటి అందాలి. మేనరికాలు ఎక్కువగా ఉన్న తెలుగు కుటుంబాలకు అందుకే ఇది పట్టించుకోదగ్గ సంగతి. ఇంట్లో ఒకరికి ఈ రుగ్మత తేలితే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల కళ్ల పొడవును కూడా స్కాన్‌తో కొలిపించుకోవడం మంచిది.