కొలిమి చుట్టూ వెలసిన నగరం

మీ ఊరు ఎలా పుట్టిందో ఎప్పుడైనా ఆలోచించారా? ఏటి రేవు దగ్గరో, గుడి చుట్టూనో, సంత జరిగే కూడలిలోనో పుట్టి ఉంటుంది. జార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్ కథ వేరు. అక్కడ కర్మాగారం కోసమే నగరం వెలసింది. అందువల్ల, యంత్రం మన బతుకును ఎంతవరకు శాసిస్తుందనే ప్రశ్నకు ఈ నగర చరిత్ర మంచి ప్రయోగశాల.

1904లో భూగర్భ శాస్త్రవేత్త ప్రమథనాథ్ బోస్, మయూర్‌భంజ్ సంస్థానంలోని గోరుమహిసాని కొండల్లో మేలైన ఇనుప ఖనిజం ఉందని టాటాలకు ఉత్తరం రాశాడు. ఉక్కుకు ఖనిజం ఒక్కటే చాలదు. బొగ్గు, నీరు, రైలుమార్గం కూడా అందుబాటులో ఉండాలి. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోట, సాక్చి గ్రామం వద్ద ఇవన్నీ కుదిరాయి. అది ఎవరూ లేని బీడు కాదు. సంతాల్, హో, భూమిజ్ ప్రజల పల్లెలున్న ప్రాంతం. 1908లో నిర్మాణం మొదలైంది. 1911 డిసెంబరులో దుక్క ఇనుము, 1912 ఫిబ్రవరిలో ఉక్కు బయటికి వచ్చాయి.

ఆరని కొలిమి

బ్లాస్ట్ కొలిమిని వంటపొయ్యిలా రాత్రి ఆర్పి పొద్దున్నే వెలిగించడానికి వీలులేదు. పైనుంచి ఖనిజం, కోక్, సున్నపురాయి పడుతూనే ఉండాలి. కింద నుంచి వేడిగాలి వీస్తూనే ఉండాలి. గాలి ఆగి కొలిమి చల్లారిందా, అడుగున ఉన్న ద్రవ ఇనుము గడ్డకట్టుకుపోతుంది. కాబట్టి అర్ధరాత్రయినా దాని ముందు ఎవరో ఒకరు నిలబడి ఉండవలసిందే. పొద్దును చూసి పనిచేసిన రైతుబిడ్డ, షిఫ్టును బట్టి నిద్రపోవడం నేర్చుకున్నాడు. ఇంట్లో వంటవేళ కూడా షిఫ్టుతోపాటే మారింది.

అయితే ఇక్కడ ఒక సంగతి గమనించండి. కొలిమి ఇరవైనాలుగు గంటలూ మండాలన్నది భౌతిక, రసాయన సూత్రాల నిర్ణయం. ఒక్కో మనిషి ఎన్ని గంటలు పనిచేయాలన్నది ఆ సూత్రాలు చెప్పవు. రోజును రెండుగా పంచితే పన్నెండు గంటలు, మూడుగా పంచితే ఎనిమిది. జంషెడ్‌పూర్‌లో 1912లోనే ఎనిమిది గంటల పనిదినం వచ్చింది. అమెరికాలోని అతిపెద్ద ఉక్కు కంపెనీ పన్నెండు గంటల పద్ధతిని వదులుకున్నది 1923లో. కొలిమి ఒకటే, నిర్ణయాలు వేరు! ఎనిమిది గంటలతోనే అన్నీ చక్కబడలేదు. 1920, 1922, 1928 సంవత్సరాల్లో పెద్ద సమ్మెలు జరిగాయి. 1928లో సుభాష్ చంద్ర బోస్ స్వయంగా కార్మికుల పక్షాన నిలిచాడు.

పటంలో లేని మనుషులు

విశాలమైన వీధులు, నీడనిచ్చే చెట్లు, ఆటస్థలాలు, అన్ని మతాల ప్రార్థనాలయాలకూ చోటు ఉండాలని జంషెడ్‌జీ టాటా 1902లోనే తన కుమారుడికి ఉత్తరం రాశాడు. 1904లో ఆయన మరణించాడు. 1919లో సాక్చికి ఆయన పేరు పెట్టారు. తొలి నగర పటాన్ని గీసింది పిట్స్‌బర్గ్ ఇంజనీర్లు.

కానీ 1911లో సుమారు 5,700 ఉన్న జనాభా, 1921 నాటికి 57 వేలు దాటింది. ఒక కర్మాగారానికి ఎంతమంది కార్మికులు కావాలో లెక్క కట్టవచ్చు. వారికి కూరగాయలు అమ్మేవారు, బట్టలు ఉతికేవారు, పని వెతుక్కుంటూ వచ్చేవారు ఎందరో ఎవరు లెక్కగట్టగలరు? వారు పటానికి వెలుపల బస్తీలు కట్టుకున్నారు. తెలుగు కుటుంబాలు కూడా అక్కడికి వెళ్ళి స్థిరపడ్డాయి. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం అందుకు గుర్తు. ఎఫ్.సి. టెంపుల్, ఆ తరువాత 1944–45లో జర్మన్ వాస్తుశిల్పి ఆటో కోనిగ్స్‌బర్గర్ మళ్ళీ ప్రణాళికలు వేయవలసివచ్చింది. బడి, అంగడి, పార్కు నడిచి వెళ్ళేంత దూరంలో ఉండే పేటలుగా నగరాన్ని విభజించాలన్నది కోనిగ్స్‌బర్గర్ ఆలోచన.

మరొక ప్రశ్న మిగిలింది. నగరంలో చాలా భాగానికి నీరు, దీపాలు, రోడ్లు సమకూర్చింది కంపెనీయే. మన రాజ్యాంగంలోని 243క్యూ అధికరణం ప్రకారం, ఒక పరిశ్రమ ఇలాంటి సేవలు అందించే చోటును ఎన్నికైన పురపాలక సంఘం లేకుండా పారిశ్రామిక పట్టణంగా ప్రకటించవచ్చు. కుళాయిలో నీరు సక్రమంగా వస్తే ఓటు అవసరం లేదా? లేక నీరు ఎవరికి ముందు అందాలో నిర్ణయించడానికే ఓటు కావాలా?

విశాఖపట్నంలోని ఉక్కునగరం చూసినవారు ఈ ప్రశ్నను అక్కడా వేసుకోవచ్చు. ఈసారి ఎవరైనా "యంత్రానికి ఇలాగే కావాలి" అని చెబితే, అది యంత్రం అడిగినదా, మనుషులు నిర్ణయించినదా అని ఒకసారి పరిశీలించండి.