అరుదైన క్యాన్సర్ అని తేలితే ఎక్కడికి వెళ్లాలి? నంద్యాల, ఆళ్లగడ్డ కుటుంబాలకు వివరాలు

ఏడాదికి లక్ష మందిలో ఆరుగురి కంటే తక్కువ మందికి వచ్చే క్యాన్సర్‌ను యూరప్ వైద్యులు అరుదైన క్యాన్సర్ అంటారు. ఒక్కో రకం అరుదే గానీ, అన్నీ కలిపితే అక్కడి మొత్తం క్యాన్సర్లలో ఐదో వంతు దాకా ఉంటాయి. ఎముకల్లో, కండరాల్లో పుట్టే సార్కోమా అలాంటిదే. పెద్దవాళ్ల క్యాన్సర్లలో దాని వాటా సుమారు ఒక్క శాతం. జిల్లా స్థాయి సర్జన్‌కు ఇలాంటి కేసు ఏళ్లకొకటి తగిలితే ఎక్కువ. అందుకే రొమ్ము క్యాన్సర్‌కో, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కో పనికొచ్చే "దగ్గర్లో మంచి ఆసుపత్రి" అన్న లెక్క ఇక్కడ సరిపోదు.

మన ఇళ్లలో ఆలస్యం రెండు రకాలుగా జరుగుతుంది. పదిహేనేళ్ల పిల్లాడికి మోకాలి దగ్గర నొప్పి, వాపు వస్తే ఆటలో దెబ్బ తగిలిందనుకుని పసరు కట్టు కట్టిస్తారు, మర్దన చేయిస్తారు. ఎముక క్యాన్సర్లలో ఆస్టియోసార్కోమా ఎక్కువగా వచ్చేది ఆ వయసులోనే, మోకాలి చుట్టుపక్కలే. రాత్రిపూట నిద్ర పట్టనివ్వని నొప్పి రెండు మూడు వారాలైనా తగ్గకపోతే ముందు ఎక్స్‌రే తీయించాలి. అది నంద్యాలలోనే అయిపోయే పని. రెండో రకం ఆడవాళ్లది. తొడ మీదో, నడుము దగ్గరో గడ్డ వస్తే సిగ్గుతో అమ్మీకి కూడా చెప్పరు. పెద్ద నిమ్మకాయంత, అంటే 5 సెంటీమీటర్లు దాటిన గడ్డ, లోతుగా ఉండి పెరుగుతున్న గడ్డ నొప్పి లేకపోయినా చూపించాల్సిందే. లేడీ డాక్టర్ కావాలని అడగడంలో తప్పులేదు. ఆమె దొరికే దాకా నెలలు ఆగడం మాత్రం తప్పు.

ఇక అసలు విషయం. "కొవ్వు గడ్డే, అరగంటలో తీసేస్తాం" అంటే వెంటనే ఒప్పుకోకూడదు. అనుమానం ఉన్న గడ్డకు ముందు ఎంఆర్‌ఐ, తర్వాత సూదితో ముక్క తీసే బయాప్సీ, ఆ తర్వాతే ఆపరేషన్. ఈ వరుస తప్పితే గడ్డలో కొంత లోపలే మిగిలిపోవచ్చు, రెండోసారి ఇంకా పెద్ద ఆపరేషన్ అవసరం కావచ్చు. కాలు నిలబెట్టే అవకాశమే చేజారవచ్చు. సూది వెళ్లిన దారిని కూడా ఆపరేషన్‌లో తీసేయాల్సి ఉంటుంది. కాబట్టి బయాప్సీ కూడా ఆపరేషన్ చేయబోయే బృందమే చేయడం, లేదా వాళ్లు చెప్పిన చోట చేయించడం మంచిది.

బయాప్సీ ఇప్పటికే అయిపోయి ఉంటే కాగితం రిపోర్టు ఒక్కటే చాలదు. తీసిన ముక్కను మైనంలో పెట్టి ల్యాబ్‌లో దాస్తారు, దాన్ని బ్లాక్ అంటారు. గాజు పలకల మీద ఉండేవి స్లైడ్లు. అర్జీ, గుర్తింపు కార్డు ఇచ్చి రెండూ అడగాలి. వాటిని సార్కోమాలు తరచూ చూసే పాథాలజిస్ట్ మళ్లీ చూస్తే కొన్నిసార్లు జబ్బు పేరే మారుతుంది, పేరు మారితే మందు మారుతుంది. స్కాన్‌కు ఫిల్మ్‌తో పాటు సీడీ కూడా తీసుకోవాలి. బ్లాక్ పోతే మళ్లీ ముక్క తీయాల్సి రావచ్చు గనుక బీరువాలో నగలతో సమానంగా చూసుకోవాలి. ఎండలో, బస్సు లగేజీ డిక్కీలో పెడితే మైనం కరిగే ప్రమాదం ఉంది.

దగ్గర్లో కర్నూలులో స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. తిరుపతిలో టాటా ట్రస్ట్స్ ఆసుపత్రి 2022లో మొదలైంది. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ఆసుపత్రి 1955 నాటిది. ఆ పేరు మెహదీ నవాజ్ జంగ్‌ది, తర్వాత గుజరాత్ మొదటి గవర్నర్ అయినది ఆయనే. బెంగళూరులో రఫీ అహ్మద్ కిద్వాయ్ పేరుతో 1973లో వచ్చిన కిద్వాయ్ సంస్థ, చెన్నైలో 1954 నుంచి అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉన్నాయి. ఆళ్లగడ్డ మీదుగా పోయే కర్నూలు–కడప హైవే చివరికి రాణిపేట చేరుతుంది, అక్కడికి వేలూరు సీఎంసీ దగ్గరే. ముంబై టాటా మెమోరియల్‌లో ఎముకలు, కండరాల క్యాన్సర్లకు ప్రత్యేక బృందమే ఉంది. ముంబై వెళ్లలేనివాళ్లు రిపోర్టులు పంపి ఆన్‌లైన్‌లో నిపుణుల అభిప్రాయం తీసుకునే "నవ్య" సేవ కూడా ఉంది. పసిపిల్లల కంటిపాప ఫోటోల్లో తెల్లగా మెరిస్తే ఆ దారి వేరు: నేరుగా హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రికి.

భవనం చూసి, తెలిసినవాళ్ల మాట విని ఆసుపత్రి ఎంచుకోవడం కంటే నాలుగు ప్రశ్నలు అడగడం మేలు. ఇలాంటి కేసులు ఏడాదికి ఎన్ని చూస్తారు? సర్జన్, కీమో డాక్టర్, రేడియేషన్ డాక్టర్ కలిసి కూర్చుని నిర్ణయిస్తారా? కాలు తీయకుండా ఆపరేషన్ వీలవుతుందా? పెళ్లి కాని అబ్బాయి, అమ్మాయి అయితే ఇంకొకటి: కీమో వల్ల సంతానం మీద ప్రభావం పడుతుందా, ముందే ఏమైనా జాగ్రత్త చేయవచ్చా? ఇంట్లో ఎవరూ ఎత్తని మాట ఇది. కీమో మొదలయ్యాక అడిగితే ఆలస్యమవుతుంది.

అన్నీ దూరంలోనే జరగనక్కర్లేదు. ప్లాన్, ఆపరేషన్ పెద్ద కేంద్రంలో అయితే, కీమో కొన్ని విడతలు కర్నూలులో ఇప్పించడానికి డాక్టర్లు తరచూ ఒప్పుకుంటారు. ఆ ప్లాన్ రాసి ఇవ్వమని అడగాలి.

డబ్బు సంగతి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఆ జబ్బుకు, ఆ ఆసుపత్రికి వర్తింపు ఉందో లేదో చేరక ముందే ఆరోగ్యమిత్రను అడగాలి, లేదా 104కు ఫోన్ చేయాలి. పక్క రాష్ట్రం ఆసుపత్రి అయితే ఇది మరీ ముఖ్యం. మందులు, ఆపరేషన్ పథకంలో పోయినా గది అద్దె, తిండి, తోడు ఉన్నవాళ్ల కూలి పోవడం ఇంటినే కుదిపేస్తాయి. అర్హులైనవాళ్లకు మహల్లాలో జకాత్ ఇచ్చేవాళ్లు ఈ ఖర్చు వైపు చూడటం అవసరం. చికిత్సకు వెళ్లే క్యాన్సర్ రోగికి రైల్లో స్లీపర్, థర్డ్ ఏసీ టికెట్ ఉచితం, తోడు వెళ్లే ఒకరికి 75 శాతం తగ్గింపు. దానికి ఆసుపత్రి డాక్టర్ సంతకంతో నిర్ణీత ఫారం కావాలి, మొదటి విజిట్‌లోనే రాయించుకుంటే తర్వాతి ప్రయాణానికి పనికొస్తుంది.