చేపల లెక్క

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు కబురు చేస్తే, జీవితమంతా అంకెలు వేసినవాడికి వ్రాయడానికేముంటుంది అన్నాను. ఆ అంకెల సంగతే వ్రాయండి అన్నది మా ఆవిడ.

మన తీరంలో చేపల శాస్త్రానికి శ్రీకారం చుట్టినది ఒక వైద్యుడు. కంపెనీవారి కాలంలో విశాఖపట్నంలో ఉన్న ప్యాట్రిక్ రస్సెల్ చేపలకు బొమ్మలు గీయించి, 200 చేపల వివరాలతో 1803లో గ్రంథం వెలువరించాడు. (రక్తపింజరకు ఇంగ్లీషులో ఉన్న పేరు ఈయనదే.) రేవులో విన్న తెలుగు పేర్లనే ఆయన అందులో వాడుకున్నాడు. మనం కానాగడత అని పులుసు పెట్టుకునేది ఆ పుస్తకంలో ‘కనగుర్త’. 1816లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కువియర్ ఆ మాటనే శాస్త్రనామంలో చేర్చాడు. నేటికీ ప్రపంచమంతటా దాని పేరు ‘రాస్ట్రెల్లిజర్ కనగుర్త’.

పేర్లు సరే, ఎన్ని ఉన్నాయో తెలిసేదెట్లా? సముద్రంలో లెక్కపెట్టలేము గనుక ఒడ్డున దిగిన వాటినే లెక్కించాలి. 1947 ఫిబ్రవరిలో ఏర్పడిన కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ (1971 నుంచి ప్రధాన కార్యాలయం కొచ్చిలో ఉన్నది) ఇందుకొక పద్ధతి తయారుచేసింది. తీరాన్ని మండలాలుగా విడగొట్టి, రేవులనూ రోజులనూ చీటీలు తీసినట్లు ఎంచుతారు. మనిషి మధ్యాహ్నం 12 నుంచి సాయంత్రం 6 దాకా, మరునాడు ఉదయం 6 నుంచి 12 దాకా రేవులో ఉండాలి. రాత్రి దిగినది తెల్లవారి అడిగి వ్రాసుకోవాలి. పడవలు 15 లోపయితే అన్నీ చూడాలి, మించితే కొన్ని. రకాలవారీగా బరువు కట్టి, కొన్నిటి పొడవు కొలుస్తారు. చలిదేశపు చేపల చెవిరాయిలో చెట్టు మానులో వలె ఏటికొక వలయం కనబడుతుంది. మన వెచ్చని నీళ్ళలో అది స్పష్టంగా ఉండదు గనుక పొడవును బట్టే వయసు అంచనా. పొట్ట కోసి గుడ్లు ఏ నెలలో పక్వానికి వస్తున్నాయో చూస్తారు.

1976లో నేనొక కోస్తా జిల్లా కార్యాలయంలో గుమాస్తాను. రేవుల నుంచి వచ్చే దిగుబడి పట్టికలు కూడి పైకి పంపడం నా పని. ఒక నెల ఒక రేవు పట్టిక రాలేదు. గడువు దాటుతున్నదని పోయిన నెల అంకెనే దించేశాను. తర్వాత ఆ రేవు మనిషి వచ్చి, “వాయుగుండం పట్టి పన్నెండు రోజులు పడవలే కదల్లేదు బాబూ” అన్నాడు. పట్టని చేపలను పట్టినట్లు చూపానన్నమాట! సవరణ పంపుదామంటే మా పై ఆయన, “పోనీవయ్యా, చేపలొచ్చి అడుగుతాయా?” అని నవ్వారు. నేనూ ఊరుకున్నాను.

2015 నుంచి తూర్పు తీరంలో సాధారణంగా ఏటా ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 రోజులు, మరబోట్లకు వేట నిషేధం. గుడ్లు పెట్టే కాలమని కారణం. అయితే అన్ని చేపలూ ఆ రెండు నెలల్లోనే గుడ్లు పెట్టవు. తేదీలు ఎప్పుడుండాలి, ఎన్నాళ్ళుండాలి అనే వాదన వచ్చినప్పుడల్లా ఇటువంటి పట్టికలే సాక్ష్యం. ఆ రెండు నెలలూ పని లేక కూర్చునే కళాసీ ఇంటిని తలచుకుంటే, నేను దించిన అంకె గుర్తుకొస్తుంది.

మొన్న జనవరిలో మనవడితో రేవుకు వెళ్ళాను. ఒక అమ్మాయి కానాగడతలను కొలబద్ద మీద పెట్టి వ్రాసుకుంటున్నది. ఆగలేక అడిగాను: “పడవలు రాని రోజు ఏం వేస్తావమ్మా?”

తల ఎత్తకుండానే, “సున్నా, తాతగారూ” అన్నది.