బ్యాలెట్

ఇటాలియన్ భాషలో ‘బల్లోత్తా’ అంటే చిన్న గోళీ. వెనిస్ నగర సభల్లో ఎన్నికలకు గోళీలు వాడేవారు. ఆ మాటే పదహారో శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చి ‘బ్యాలెట్’ అయింది.

అట్లాంటిక్ దాటిన వలసల్లో గోళీ గింజగా మారింది. మసాచుసెట్స్ బే వలస సభ 1643లో ఒక శాసనం చేసింది: ఏటా జరిగే గవర్నరు సహాయకుల ఎన్నికలో మొక్కజొన్న గింజ వేస్తే సమ్మతి, చిక్కుడు గింజ వేస్తే తిరస్కారం. ఒకటికి మించి వేస్తే పది పౌండ్ల జరిమానా. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. పద్ధతి సులువే కానీ గింజ అందరి చేతికీ అందలేదు. 1631 నుంచి అక్కడ ఓటు హక్కునిచ్చే ‘ఫ్రీమన్’ హోదా చర్చి సభ్యులైన మగవాళ్లకే పరిమితం. వర్జీనియాలోనైతే గింజా లేదు, గోప్యతా లేదు. ఓటరు అందరి ముందూ అభ్యర్థి పేరు పైకి చెప్పాల్సిందే. అప్పులిచ్చిన భూస్వామి ఎదురుగా నిలబడితే నోరు ఎటు తిరుగుతుందో ఊహించడం కష్టం కాదు.

ఆ ఒత్తిడికి విరుగుడు ఆస్ట్రేలియా వలసల్లో దొరికింది. 1856లో విక్టోరియా, దక్షిణ ఆస్ట్రేలియా రహస్య ఓటును చట్టం చేశాయి. ప్రభుత్వమే కాగితం అచ్చు వేసి ఇచ్చేది. ఓటరు చాటున గుర్తు పెట్టి పెట్టెలో వేసేవాడు. బ్రిటన్ 1872లో రహస్య ఓటును తెచ్చుకుంది. అమెరికాలో 1888లో ‘ఆస్ట్రేలియన్ బ్యాలెట్’ పేరుతో దాన్ని మొదట రాష్ట్రమంతటా చట్టం చేసినది పాత గింజల మసాచుసెట్సే.

తెలుగులో ఈ మాట ‘బ్యాలెట్ పత్రం’, ‘బ్యాలెట్ పెట్టె’గా స్థిరపడింది. కాగితం పోయి మీటలు వచ్చినా, ఓటింగ్ యంత్రంలో ఓటరు నొక్కే భాగం పేరు ‘బ్యాలెట్ యూనిట్’.