రాతి కత్తి – దంతపు పిడి

చెకుముకిరాయి అనగానే మన వయసువారికి తాతగారి చుట్ట, రాయీ ఉక్కుముక్కా రాపిడిలో రాలే నిప్పురవ్వలూ జ్ఞాపకం వస్తాయి. అదే జాతి రాతితో సుమారు 5,300 సంవత్సరాల క్రితం, పిరమిడ్లకు ఎన్నో శతాబ్దాల ముందు, ఈజిప్టు పనివారు అద్భుతమైన కత్తులు తయారు చేశారు.

రాగి వారికి అప్పటికే తెలుసు. అయినా రాతినే ఎంచుకున్నారు. ముందు రాతిని పలుచగా అరగదీసి నునుపు చేసేవారు. తరువాత ఒక వైపు మాత్రమే అంచు వెంబడి ఒత్తిడి పెట్టి, వరుసగా సన్నని పెచ్చులు లేపేవారు. ఏటి ఇసుకలో అలల జాడల వలె ఆ గీతలు కనిపిస్తాయి. చెయ్యి ఒక్కసారి తప్పితే అంతవరకు పడిన శ్రమ వృథాయే! ఇటువంటి కత్తులు నిత్యం వాడుకకు కాదని, హోదాకు, క్రతువులకు చేసినవని పండితుల అభిప్రాయం. యజమాని మరణిస్తే అతనితోపాటు సమాధిలో ఉంచేవారు.

వీటిలో ప్రసిద్ధమైనది పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్న 'గెబెల్ ఎల్-అరక్' కత్తి. పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. పిడి నీటిగుర్రం కోరతో చేసినది. ఒకవైపు రెండు సింహాలను చెరొక చేతా నిలువరించిన గడ్డపు వీరుడు, మరొకవైపు పడవలు, పోరాటం చెక్కబడి ఉన్నాయి. ఆ వీరుడి వేషం మెసొపొటేమియాది. అంత పూర్వమే ఆ రెండు దేశాలకు పరిచయం ఉన్నదనడానికి ఇది సాక్ష్యం.

విచారకరమైన విషయమేమంటే, 1914లో జార్జ్ బెనెడిట్ దీనిని కైరోలో ఒక వ్యాపారి వద్ద కొన్నారు. ఏ సమాధిలోది, ఎవరి పక్కన దొరికినది అన్న వివరాలు లేవు. వ్యాపారి చెప్పిన చోటు పేరే దానికి నిలిచిపోయింది. అబైడోస్ ప్రాంతానిది కావచ్చునని నేటి పండితులు భావిస్తున్నారు. ఇందుకు భిన్నంగా, 1907-08లో హెన్రీ ద మోర్గాన్ అబూ జైదాన్‌లో తవ్వించినప్పుడు దొరికిన కత్తి ఉన్నది. దాని దంతపు పిడిమీద ఏనుగులు, పక్షులు మొదలుగా 200కు పైగా జీవులు బారులు తీరి ఉన్నాయి. అది 32వ నంబరు సమాధిలోదని నమోదై ఉన్నది. ఇప్పుడది బ్రూక్లిన్ మ్యూజియంలో ఉన్నది.

సర్వీసు రిజిస్టరులో ఒక్క పుట చిరిగితే పెన్షను వేళ ఎంత చిక్కో మనకు వేరే చెప్పనక్కరలేదు. వస్తువుకైనా అంతే. మన ఇళ్లలోని పాత పందిరిమంచం, తాళపత్రం, పూజాపాత్ర ఎవరివో, ఎక్కడివో తెలిసిన పెద్దలం మనమే. ఒక కాగితం మీద ఈనాడే వ్రాసి పెడదాం.