పెంపకం తల్లిది, సంతకం తండ్రిది

పిల్లల కోసం వేసే కేసును మా కోర్టుల్లో జి.డబ్ల్యూ.ఓ.పి. అంటాం. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద వేసే పిటిషన్ అది. గుంటూరులో నా ప్రాక్టీసు చాలావరకు ఆ కాగితాలతోనే గడిచింది. వచ్చిన ప్రతి తల్లీ మొదట అడిగేది ఒకటే: "బిడ్డ నా దగ్గరే ఉంటుందా మేడమ్?" బిడ్డ దగ్గర ఉండటం వేరు, బిడ్డ మీద హక్కు ఉండటం వేరమ్మా అని చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నా మనసు చివుక్కుమంటుంది.

తండ్రి బతికుండగా, ఆయన అనర్హుడని కోర్టు భావిస్తే తప్ప, మరొకరిని గార్డియన్‌గా నియమించకూడదని 1890 చట్టం 19వ సెక్షన్ అంది. అక్కడ తల్లి ఊసే లేదు. తండ్రి పక్కన ఆమెకు చోటు దొరికింది 2010 సవరణలో, అంటే 120 ఏళ్ళకు.

1956లో మనమే చేసుకున్న హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టమూ ఆ దారే పట్టింది. సహజ సంరక్షకుడు తండ్రి, ఆయన తర్వాతే తల్లి అంది 6(ఎ) సెక్షన్. అయిదేళ్ళు నిండని బిడ్డ మాత్రం మామూలుగా తల్లి దగ్గరే ఉండాలంది. కస్టడీ ఎవరికివ్వాలో, రెండోవారు బిడ్డను ఎప్పుడు చూడాలో జడ్జిగారు బిడ్డ మేలును బట్టి తేలుస్తారు. జ్వరమొస్తే రాత్రంతా మేలుకునే తల్లికి బ్యాంకు కాగితం మీద సంతకం పెట్టే హక్కు మాత్రం లేకపోయింది.

1984లో రచయిత్రి గీతా హరిహరన్ కొడుకు పేరున 20,000 రూపాయల రిలీఫ్ బాండ్లకు రిజర్వు బ్యాంకులో దరఖాస్తు పెట్టారు. గార్డియన్‌గా తల్లి ఉండాలని భార్యాభర్తలిద్దరూ కలిసే నిర్ణయించుకున్నారు. తండ్రి సంతకం చేయాలి, లేదా ఆమే గార్డియన్ అన్న సర్టిఫికెట్ తేవాలి అంది బ్యాంకు. భర్త ఒప్పుకున్నా చట్టం ఒప్పుకోలేదు. ఆమె సుప్రీం కోర్టుకెళ్ళారు. తండ్రి పోయాకే కాదు, ఆయన బిడ్డను పట్టించుకోకపోయినా, ఇద్దరూ అలా అనుకున్నా తల్లే సహజ సంరక్షకురాలని 1999 ఫిబ్రవరి 17న కోర్టు తేల్చింది.

ఎన్నో పిటిషన్లలో నేను ఆసరా చేసుకున్న తీర్పు అది. అయినా బాధ్యతగా చూసుకునే తండ్రి ఉన్నచోట మొదటి వరస ఇప్పటికీ ఆయనదే.

మన తెలుగు తల్లి ఒకామె కథ చూడండి. భర్త పోయాక మళ్ళీ పెళ్ళి చేసుకున్నారు. అత్తమామలు కోర్టుకెక్కారు. పిల్లవాడికి కన్నతండ్రి ఇంటిపేరే ఉంచాలని హైకోర్టు ఆదేశించింది. తండ్రి పోయాక బిడ్డకున్న ఏకైక సహజ సంరక్షకురాలు తల్లేననీ, ఇంటిపేరు ఆమె నిర్ణయమేననీ చెప్పించుకోవడానికి ఆమె సుప్రీం కోర్టు దాకా పోవాల్సి వచ్చింది. ఆ తీర్పు వచ్చింది 2022 జూలైలో.

తల్లిదండ్రులను సమాన సంరక్షకులుగా గుర్తించమని లా కమిషన్ 1989లోనే చెప్పింది, 2015లో మళ్ళీ చెప్పింది. ఢిల్లీ దాకా వెళ్ళే స్తోమత ఉన్న తల్లికి తీర్పు దొరుకుతుంది. నా దగ్గరికి బస్సు చార్జీలు లెక్కపెట్టుకుని వచ్చే తల్లులకు ఆ హక్కు చట్టంలోనే రాసి ఉండాలి. ఆ పని పార్లమెంటుది, ఇక వాయిదా వేయకూడనిది.